పులిమడుగు లొద్దిలో ఎదురెదురుగా

"జరుగుండ్రి."

"మీరే జరుగుండ్రి. నేను ముందుగాల వచ్చిన."

"ముందుగాల ఎట్లయితది? మీరు అటుకెల్లి వచ్చిండ్రు, నేను ఇటుకెల్లి వచ్చిన. ఇద్దరం ఒక్కపారే వచ్చినం."

పోశం జరగలేదు. ఎడమ భుజం ఒక బండకు, కుడి భుజం ఇంకో బండకు ఆనించి అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి కూడా అలాగే నిలబడింది. చేతిలో ఇత్తడి టిఫిన్ క్యారియరు, తల చుట్టూ చెవులు కప్పేలా ఉన్ని శాలువా. చలికి ముక్కు కొస ఎర్రబడింది. కోపానికి కూడా కావచ్చు.

అది అరవై మూడో, అరవై నాలుగో సంవత్సరం. ఆదిలాబాదు జిల్లా అడవుల్లో రెండు కొండల నడుమ వాగు కోసుకుంటూ పోయిన లోతైన దారిని అక్కడివాళ్లు పులిమడుగు లొద్ది అనేవారు. లొద్ది అంటే లోయ. నిలువెత్తు రాతిగోడల మధ్య, నీళ్ల పక్కన, ఒక కాలిబాట. సగం దూరం పోయాక ఆ బాట మరీ ఇరుకైపోతుంది. ఒక మనిషి పక్కకు తిరిగి నడిస్తే పడతాడు, ఇద్దరు పట్టరు.

చలికాలం వచ్చిందంటే ఆదివారాలు అక్కడ జాతరే. మంచిర్యాల నుంచీ బెల్లంపల్లి నుంచీ లారీలు దిగేవి. గ్రామఫోను పెట్టెలు, వంట గిన్నెలు, పేకముక్కలు, ఏడ్చే పిల్లలు. ఇరుకు సందు దగ్గర రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు వరుస కట్టేవారు. అందుకే పోశం ఆ వారం సెలవు పెట్టుకుని సోమవారం వచ్చాడు. మొదటి ప్యాసింజరు బండి ఎక్కి, చిన్న స్టేషన్లో దిగి, మంచులో నడిచి వచ్చాడు. లొద్ది మొత్తం తన ఒక్కడిదే అనుకున్నాడు.

"ఏందే అనసూర్యా, ఆగినవ్?" అమ్మాయి వెనుక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఎవలో అడ్డం నిలవడ్డరత్తా."

"పులా?"

"మనిషే."

"మనిషైతే జరుగుమను. నేనైతే ఎనుకకు తిరుగ. నాకు మోకాళ్లు లెవ్వు. ఇగో, గీడనే కూసున్న."

అనసూర్య పోశం వైపు చూసింది. "ఇన్నరు గదా. మా మేనత్త ఒక్కపారి కూసుంటే ఇగ లేవది. నేను ఎనుకకు పోదామన్నా తొవ్వ లేదు."

ఇక చేసేదేముంది? పోశం వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి చూడటానికి తల తిప్పే చోటు లేదు. పాదాలతో తడుముకుంటూ, పరువుగా, మెల్లగా జరిగాడు. సందు దాటినట్టు తెలియగానే ధైర్యంగా ఇంకో అడుగు వేశాడు. అక్కడ బాట లేదు, మడుగు ఉంది.

నడుముల్లోతు నీళ్లు. పుష్యమాసపు నీళ్లు!

అనసూర్య పాపం నవ్వు ఆపుకోవడానికి చాలా ప్రయత్నం చేసింది. శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. గోడవైపు తిరిగింది. ఆఖరికి ఆపుకోలేక పకపకా నవ్వేసింది. ఆ నవ్వు అటు గోడకూ ఇటు గోడకూ తగిలి లొద్ది పొడుగునా పోయింది.

ఇక లేవనన్న మేనత్త శంకరవ్వ, నీళ్ల చప్పుడు వినగానే అందరికంటే ముందు లేచి వచ్చింది. "అయ్యో, ఎవల పిల్లగాడో ఏమో! నవ్వుతవేందే? పుల్లలేరు!" అని మేనకోడలిని గదమాయించింది. తాను కప్పుకున్న గొంగడి తీసి పోశం మీద వేసింది. మంట వేశారు. పోశం చలికీ సిగ్గుకూ కలిపి వణుకుతూ, జొన్నరొట్టె, టమాట తొక్కు తిన్నాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"నస్పూర్ల ఉంటమవ్వా. మా బాపు హుజూరాబాద్ దిక్కు మగ్గం నేసెటోడు. మగ్గం నడవక బొగ్గుబాయికి వచ్చిండు. నేను గూడ బాయిలనే పని."

"అట్లనా! మేం గూడ మగ్గమోళ్లమే. మా అన్న చొప్పదండిల నేస్తడు. గీమె మా అన్న బిడ్డ. మంచిర్యాల ఆడపిల్లల బళ్లె పంతులమ్మ, నా దగ్గర్నే ఉంటది. బడికి సున్నమేస్తున్నరని ఇయ్యాల సెలవిచ్చిండ్రు. మంచిగ ఆయితారం రావద్దా? మంది ఉంటరు, జాతరుంటది. మనుషులు లేనప్పుడు వచ్చుడేంది?"

"మంది ఉంటరనే రాను," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అని, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శంకరవ్వ ఇద్దరినీ చూసింది. చూసి, మంటలోకి ఇంకో పుల్ల తోసింది.

"మీకెందుకు మందంటే గిట్టది?" అడిగాడు పోశం.

"బళ్లె పిల్లల లొల్లి. ఊరికి పోతే మగ్గాల సప్పుడు. గీడ నా చెవులకు జర పురసత్ దొరుకుతది. మరి మీకు?"

"బాయిల పైకి చూస్తే కప్పే కనవడ్తది. గీడ పైకి చూస్తే మొగులు కనవడ్తది. నడుమ మనుషుల తలకాయలు వద్దు."

అనసూర్య తలెత్తి చూసింది. రెండు గోడల మధ్య ఆకాశం చీర అంచంత సన్నగా, నీలంగా ఉంది.

"గింతేనా?"

"నాకు గంత చాలు."

ఆమె ఈసారి నవ్వలేదు. చాలాసేపు అలాగే పైకి చూస్తూ ఉండిపోయింది.

మళ్లీ కలవాలని ఇద్దరికీ ఉంది, కానీ బడికి రోజూ సున్నం వేయరు కదా. ఆమెకు సెలవంటే ఆదివారమే. కనుక ఆదివారమే మందిని తప్పించుకునే ఉపాయం కావలసి వచ్చింది. తెల్లవారకముందే బయలుదేరే బండి ఎక్కడం, మంచు విడవకముందే లొద్దిలో అడుగు పెట్టడం, దూరంగా లారీల చప్పుడు వినగానే పక్కనున్న మేకల బాట పట్టుకుని జొన్నచేలలోకి దిగిపోవడం. శంకరవ్వ కూడా వచ్చేది, కానీ లొద్ది మొదట్లో చాయ్ కాచే గుడిసె దగ్గరే ఆగిపోయేది.

"మీరు పోండ్రి. లారీల మంది వచ్చేదాక నేను గీడనే కూసుంట. ఎవలెవలు వస్తరో చూడద్దా?" అనేది.

ఆ చలికాలపు ఆదివారాలు ఎలాంటివో పోశం తర్వాత ఎంత చెప్పబోయినా మాటలు చాలేవి కావు. మంచులో ముందు నడిచే ఆమె శాలువా కనిపించీ కనిపించకపోవడం. తడి రాళ్ల మీద ఆమె చేయి అందుకోవాలా వద్దా అని ఆలోచించేలోపు ఆమె దాటేయడం. మడుగు దగ్గర కూర్చుని, పిల్లలు బడిలో చేసే అల్లరి ఆమె చెబుతుంటే వినడం. సప్పుడు గిట్టదన్న మనిషి అంతసేపు మాట్లాడేది!

ఒకరోజు ఆమె అడిగింది. "బాయిల దిగేటప్పుడు ఏం యాదికొస్తది మీకు?"

"ఎప్పుడు పైకెక్కుదునా అని."

"ఎక్కినంక?"

"ఆయితారం ఎప్పుడొస్తదా అని."

అనసూర్య తల తిప్పుకుంది. నీళ్లలోకి వంగి ముఖం కడుక్కుంది. అంత చలిలో ముఖం కడుక్కోవలసిన అవసరం ఏమిటో పోశానికి ఇంటికి పోయే బండిలో అర్థమైంది. ఆ సంతోషంతో దిగవలసిన స్టేషను దాటిపోయాడు.

అటుపై వచ్చిన ఆదివారం మాటల్లో పడి లారీ చప్పుడు వినలేదు. వినేసరికి మేకల బాట దగ్గరకే మంది వచ్చేశారు. నస్పూర్ కాలనీవాళ్లు. పోశంతో కలిసి పనిచేసే హనుమండ్లు భుజాన వంట గిన్నె పెట్టుకుని అందరికంటే ముందున్నాడు.

"ఓ పోశం! గిందుకా, మేం రమ్మంటే రానిది? ఎవలుర గీమె? మా వదినెనా?"

గుంపంతా గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. పోశం చెవులు వేడెక్కాయి. ఆమె పంతులమ్మ, ఈ మాట మంచిర్యాల దాకా పోతే ఆమె పేరేమవుతుంది అన్న భయం ఒకవైపు. అంతమంది కళ్లు తన మీదే ఉన్నాయన్న బెదురు ఒకవైపు. రెంటి నడుమ నోరు జారింది.

"ఎవలో నాకేం తెలుసు? తొవ్వ అడిగింది, చెప్పిన."

నవ్వులు ఆగాయి. అనసూర్య అతడి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదని పోశం తర్వాత అనుకున్నాడు.

"అవు. తొవ్వ అడిగిన," అన్నది ఆమె, అందరికీ వినబడేలా. "దొరికింది. పోతున్న."

తలవంచకుండా గుంపు మధ్య నుంచే నడిచి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. పోశం ఒక్కడే లొద్దిలో కూర్చున్నాడు. మనిషి చప్పుడు లేదు. పైన ఆకాశం ఉంది. కోరుకున్నదంతా దొరికింది, కానీ అక్కడ కాసేపు కూడా ఉండలేకపోయాడు. తిన్నగా మంచిర్యాల పోయి శంకరవ్వ తలుపు తట్టాడు.

"ఊరికి పోయింది," అన్నది శంకరవ్వ గుమ్మంలోనే నిలబడి. "హుజూరాబాద్ కెల్లి సంబంధం వస్తున్నదని మా అన్న పిలిపిచ్చిండు. ఆమె ఎవలో నీకు తెల్వదు గద బిడ్డా, నీకెందుకు?"

"ఆమె పేరు ఖరాబైతదని అట్లన్ననవ్వా."

"ఆమె పేరుకే భయపడ్డవా?"

పోశం తల దించుకున్నాడు. "నాకు గూడ భయమైంది. అందరు చూస్తుండిరి."

శంకరవ్వ కొంచెం మెత్తబడింది. "నా దగ్గర ఏడిస్తే ఏమస్తది? చొప్పదండికి బస్సున్నది. పొద్దుగాల పో."

పొద్దున్నే పోయాడు. దారి పొడుగునా ఒక్కటే లెక్క వేసుకున్నాడు. ఆమె తండ్రి రామచంద్రాన్ని పక్కకు పిలవాలి. నెమ్మదిగా, గుట్టుగా చెప్పాలి. తప్పు ఒప్పుకోవాలి, పిల్లనడగాలి.

కానీ నేతగాళ్లుండే సాలోళ్ల వాడలో ఆ పూట పడుగులకు గంజి పెడుతున్నారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నూలు పోగులు సాపుగా చాచి కట్టి ఉన్నాయి. వాడంతా అక్కడే ఉంది. గంజి పూసేవాళ్లు, తెగిన పోగులు అతికేవాళ్లు, ఊరికే నిలబడి ముచ్చట్లు చెప్పేవాళ్లు. ఆ చివర గంజి బాన దగ్గర, కొంగు నడుముకు దోపుకుని అనసూర్య. అతడిని చూసింది. చూడనట్టు బానలోకి వంగింది.

పోశం రామచంద్రం దగ్గరికి పోయాడు. "మామా, జర పక్కకు వస్తరా? మాట్లాడాలె."

"అప్పుడే మామ అయిండా!" అన్నది పక్కనున్న గంగుబాయి. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

రామచంద్రం గంజి పూసే కుంచె ఆపలేదు. "గంజి ఆరిపోతది. చెప్పేదేందో గీడనే చెప్పు."

పోశం చుట్టూ చూశాడు. ఎటు చూసినా కళ్లే. వెనక్కి పోవడానికి బస్సు ఇంకా అడ్డా మీదే ఉంది.

"నా పేరు పోశం. నస్పూర్ బాయిల పనిచేస్త," అన్నాడు. గొంతు పెద్దదైపోయింది, తగ్గించబోయి మానుకున్నాడు. "మీ బిడ్డ నాకెరికె. ఆయితారం లొద్దికాడ మాట్లాడుకునేటోళ్లం, మీ చెల్లె గూడ వస్తుండె. గని మంది అడిగితే, గీమె ఎవలో తెల్వదన్న. అది అబద్ధం. అందరి ముంగట అన్నమాట అందరి ముంగటనే తప్పని చెప్తున్న. మీరు ఇస్తనంటే, ఆమె ఒప్పుకుంటే, చేసుకుంట."

కుంచె ఆగింది.

"బాయిలనా?" అన్నాడు రామచంద్రం. "పొద్దుగాల దిగినోడు మాపటికి ఎక్కుతడని ఏం నమ్మకం?"

"నమ్మకమంటే... ఇయ్యాలటిదాక దిగుతున్న, ఎక్కుతున్న మామా. జాగ్రత్తగనే ఉంట. గంతకంటె ఎక్కువ చెప్తే మల్ల అబద్ధమైతది."

"గిట్ల అబద్ధమాడనోనివి, గాడ ఎందుకాడినవ్?"

"మందిని చూసి భయమైంది."

"మరి గిప్పుడు గీడ మంది లేరా?"

"ఉన్నరు. గిప్పుడు గూడ భయమే అయితున్నది."

ఈసారి వాడంతా నవ్వింది. రామచంద్రం మీసాల కింద ఏదో కదిలింది కానీ బయటపడనివ్వలేదు. తల తిప్పి కేకేశాడు. "అనసూర్యా! గీ పిల్లగాడు ఎవలే?"

అనసూర్య గంజి చేతులు కడుక్కుంది. తొందర లేకుండా తుడుచుకుంది. పడుగు పొడుగునా, ఇంతమంది చూస్తుండగా, నడిచి వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"పోశం, బాపూ. మందంటే భయం, ఎనుక నీళ్లున్నా కనవడయి. ఇయ్యాల జర ధైర్యం చేసిండు." తండ్రి వైపు తిరిగింది. "నాకు మంచిగ తెల్సిన మనిషే."

రామచంద్రం కూతురి ముఖం చూశాడు. భూమి కింద పని అన్న దిగులు ఆయన కళ్లలో నుంచి పూర్తిగా పోలేదు. అయినా చేతిలోని కుంచె పోశానికి అందించాడు.

"నీ బాపు మగ్గం నేసినోడేనాయె. గంజి రాసుడన్న వస్తదా, చూద్దాం. రేపు మీ పెద్దమనుషులను తోలుకరా. హుజూరాబాదోళ్లకు నేను కబురు చేస్త."

ఆడవాళ్లు ఒక్కసారి గలగలమన్నారు. పోశం కుంచె పట్టుకుని పడుగు మీదికి వంగాడు. పోగు తెగితే అతకడానికి అనసూర్య అవతలి పక్క నిలబడింది.

"కోపం పోయిందా?" అడిగాడు తలెత్తకుండా, గుసగుసగా.

"ఏంది? వినవడలే. గట్టిగ అడుగుండ్రి."

పోశం నిటారుగా నిలబడ్డాడు. "కోపం పోయిందా?" అని వీధి ఆ చివరికి వినబడేలా అడిగాడు.

"పోలే!" అన్నది అనసూర్య, అంతే గట్టిగా. "పెండ్లయినంక మెల్లమెల్లగ పోతది."