మెడ వెనక బిళ్ల

"అమ్మా!" అని అరిచింది రోగి కాదు, నర్సింగ్ విద్యార్థిని హెప్సిబా.

కాలిన గాయాల వార్డులో ఆమె అప్పుడే అప్పలనరసమ్మ కుడి మోచేతి కట్టు కొస పట్టుకుని పైకి లేపింది. ఆ క్షణమే తన కుడి మోచెయ్యి భగ్గుమంది. ఫోర్సెప్స్ ట్రేలో ఖణేల్మని పడ్డాయి. మంచం అవతల ట్యాబ్లెట్ పట్టుకుని నిల్చున్న డాక్టర్ సోమయాజులు ముఖం వెలిగిపోయింది.

"పనిచేస్తోంది!" అన్నాడు.

"ఏం పనిచేస్తోంది? కట్టు విప్పాల్సిన పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది," అంది ట్యూటర్ ఎస్తేరు రాణి.

సోమయాజులు తయారుచేసిన ఆ యంత్రం పేరు సహవేదన. చూడటానికి రెండు చిన్న బిళ్లలు, అంతే. ఒకటి రోగి మెడ వెనక అంటిస్తారు. వెన్నుపాము గుండా మెదడుకు వెళ్ళే నొప్పి సిగ్నళ్లను అది పట్టుకుంటుంది. రెండోది నర్సు మెడ వెనక ఉంటుంది. మొదటి బిళ్ల పంపిన సిగ్నల్ అందగానే నర్సు శరీరంలో అవే నరాలను రేపుతుంది. రోగికి మోచెయ్యి మండితే నర్సుకూ మోచెయ్యే మండుతుంది. చర్మం మీద మాత్రం చిన్న మచ్చ కూడా పడదు. విద్యార్థినులు తట్టుకోలేరని సోమయాజులు దాన్ని సగం తీవ్రతకు తగ్గించి ఉంచాడు. నొప్పి తెలిస్తే నర్సులు మెత్తబడతారని అతని నమ్మకం.

"పాతతరం టీచర్లకు కొత్త యంత్రాలంటే కొంచెం భయం. అలవాటవుతుంది మేడమ్," అన్నాడు నవ్వుతూ.

పక్కనున్న విద్యార్థినులు తలలు దించుకున్నారు. క్లాసులో నిలువెత్తు తెర మీద గుండె బొమ్మను తిప్పి తిప్పి చూపించే పాఠం ఎస్తేరు రాణి స్వయంగా తయారుచేసిందే. రోగి బదులు వాడే సిమ్యులేటర్ బొమ్మ మొరాయిస్తే కాలేజీవాళ్లు టెక్నీషియన్‌ను పిలవరు, ఆమెనే పిలుస్తారు.

"యంత్రమంటే నాకు భయం లేదు డాక్టర్ గారూ. నర్సు పనంటే ఏమిటో తెలియకుండా యంత్రం చేసేవాళ్లంటేనే భయం," అంది.

ఆమె తండ్రి ఒక మిషన్ ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసేవాడు. ఆమె అక్కడే నర్సు కోర్సు చదివి, కాలిన గాయాల వార్డులో ఏళ్ల తరబడి చేసి, ఎమ్మెస్సీ అయ్యాక పాఠాలు చెప్పడానికి వచ్చింది. ఏ బ్యాచ్‌కైనా మొదటి రోజు ఒకే మాట చెప్పేది. "మీరు మంచివాళ్లని రోగి అనుకోవాలని ఎప్పుడు కోరుకుంటారో అప్పుడే మీ పని చెడుతుంది." పిల్లలకు ఆమె అంటే హడల్. రోగులకు అంతకన్నా హడల్.

అందరిలోకీ అప్పలనరసమ్మకు ఆమె మీద మంట ఎక్కువ. బీచ్ రోడ్డులో అప్పలనరసమ్మకు బజ్జీల బండి ఉంది. మూకుడు ఒరిగి, మరిగే నూనె కుడి చేతి మీద పడింది. చర్మం అతికించారు, గాయం ఆరుతోంది. అయితే కాలిన చర్మం ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. రోజూ మోచేతిని లాగి సాగదీయకపోతే చెయ్యి వంగిన చోటే బిగుసుకుపోతుంది. నొప్పిమందు ఇచ్చాక చేసినా ప్రాణం పోయినంత పనవుతుంది. ఎస్తేరు రాణి రోజూ ఆ పని చేసేది. అప్పలనరసమ్మ రోజూ ఆమె వంశాన్నంతా తిట్టేది.

సహవేదన వచ్చాక ఆ పని విద్యార్థినుల చేతికి మారింది. అప్పలనరసమ్మ "అబ్బా" అనక ముందే హెప్సిబా ఆగిపోయేది.

"ఇవాల్టికి చాలు పెద్దమ్మా," అనేది కళ్లు తుడుచుకుంటూ.

"నా తల్లే! నా నొప్పి నీకూ తెలుత్తాది కదమ్మా. ఆ రాచ్చసికేటి తెలుసు?" అనేది అప్పలనరసమ్మ, ఎస్తేరు రాణికి వినబడేలా.

వార్డులో ఫిర్యాదులు లేకుండా పోయాయి. సూపరింటెండెంట్ సోమయాజులుకు శాలువా కప్పాడు. ఎస్తేరు రాణిని రోగుల జోలికి వెళ్ళకుండా క్లాసుకే పరిమితం కమ్మన్నాడు.

నెల తిరక్కుండానే అప్పలనరసమ్మ మోచెయ్యి వంగిన కొడవలిలా నిలిచిపోయింది. సర్జన్ పట్టి చూసి పెదవి విరిచాడు. ఈ వారంలో సాగకపోతే మళ్లీ కోసి, మళ్లీ చర్మం అతికించాలన్నాడు. అప్పటికీ చెయ్యి పూర్తిగా వస్తుందని హామీ లేదన్నాడు.

ఎస్తేరు రాణి నేరుగా సోమయాజులు గదికి వెళ్లింది.

"మీ బిళ్ల ఆ చేతిని తినేసింది."

"బిళ్ల తప్పేముంది? మీ విద్యార్థినులకు ధైర్యం లేకపోతే అది మీ శిక్షణ లోపం," అన్నాడు అతను. గొంతు పెంచాడు. "మీకు నొప్పి తెలియదు కాబట్టే అంత ధైర్యం. ఒక్కసారి పెట్టుకుని చేయండి చూద్దాం. చెయ్యలేరు."

"పెట్టండి. సగం కాదు, పూర్తిగా."

ఎస్తేరు రాణి మెడ వెనక బిళ్ల అంటించుకుని వచ్చింది. వార్డంతా మంచం చుట్టూ చేరింది. ఆమెను చూడగానే అప్పలనరసమ్మ గోడవైపు జరిగింది.

"నువ్వొద్దు. ఆ పాపనంపు."

"ఆ పాప వల్లే ఇలా అయింది. నీ చెయ్యి నీకు కావాలా, వద్దా?"

బజ్జీలు వేసే చెయ్యి అది. అప్పలనరసమ్మ పళ్లు బిగించి దాన్ని ముందుకు పెట్టింది.

వార్డు నర్సు నొప్పిమందు ఇచ్చి వెళ్లింది. అది పట్టేదాకా ఆగి, ఎస్తేరు రాణి ఒక చేత్తో భుజం అదిమి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని లాగింది. లాగగానే తన మోచెయ్యీ భగ్గుమంది. ఎముక చుట్టూ ఎర్రగా కాల్చిన తీగ చుట్టి బిగించినట్టుంది. ఇన్నేళ్లూ తన చేత్తో ఇతరులకు పెట్టిన నొప్పి ఇదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఊహించినదానికీ దీనికీ పోలికే లేదు. చెయ్యి వదిలేయమని ఒంట్లోని ప్రతి నరమూ మొరపెట్టింది. ఆమె వదల్లేదు. అప్పలనరసమ్మ కేక పెట్టింది. అదే క్షణంలో ఎస్తేరు రాణి కూడా కేక పెట్టింది. ఇద్దరి కళ్లల్లోంచీ నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి లోపల ఏదో పట్టు సడలింది. మోచెయ్యి కొంచెం తెరుచుకుంది.

"చాలు మేడమ్, చాలు!" అన్నాడు సోమయాజులు. ముఖం పాలిపోయి ఉంది.

"చాలదు," అని ఆమె మళ్లీ లాగింది.

వారమంతా అలాగే సాగింది. సర్జన్ వచ్చి చూసి, ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. డిశ్చార్జి అయ్యే పూట అప్పలనరసమ్మ చెయ్యి దాదాపు తిన్నగా చాపగలిగింది. హెప్సిబాను దగ్గరికి తీసుకుని, ఆ చేత్తోనే మెటికలు విరిచి దిష్టి తీసింది. ఎస్తేరు రాణి ఎదురుపడేసరికి ఆగిపోయింది.

"ఇంటి దగ్గర కూడా రోజూ సాగదీయాలి. మానకు," అంది ఎస్తేరు రాణి.

అప్పలనరసమ్మ ఆమెను చాలాసేపు చూసింది. ఆ చూపులో మునుపటి కోపం లేదు. అంతకన్నా చల్లనిదేదో ఉంది.

"ఇన్నాల్లూ నీకు తెలీక సేత్తన్నావనుకున్నాను. తెలీనోల్ని తిట్టుకుంటే సరిపోతాది, మరుసటి పూట మర్సిపోతాం," అంది. "నువ్వు తెలిసీ సేసావు. నాకెంత నొచ్చిందో నీకూ అంతే నొచ్చింది. అయినా నీ సెయ్యి ఆగలేదు. నువ్వు మనిసివి కావు తల్లీ. నాను బతికున్నంతకాలం నిన్ను మర్సిపోను."

అని గుమ్మం దాటి వెళ్లిపోయింది.

ఎస్తేరు రాణి కుర్చీ లాక్కుని కూర్చుంది. సోమయాజులు మంచినీళ్ల గ్లాసు అందించాడు. "ఆమె చెయ్యి వచ్చింది కదా, మేడమ్," అన్నాడు. ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

"బిళ్లలు ఉంచండి. పిల్లలకు నొప్పి తెలియాల్సిందే, అది నేను ఒప్పుకుంటున్నాను. కానీ రోగుల దగ్గర కాదు. ముందు నా క్లాసులో," అంది.

మరుసటి సోమవారం క్లాసులో కొత్త పాఠం మొదలైంది. విద్యార్థినులను వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మెడ వెనక బిళ్ల అంటించింది. కెమెరాలు అమర్చి, వాళ్ల ముఖాలను గోడ నిండా తెర మీద చూపించింది. కనుబొమ్మ ముడిపడినా, పెదవి వణికినా, ఆ చోట ఎర్రటి గీత గీసే ప్రోగ్రామ్ ఆమే రాసింది. వార్డులో రికార్డు చేసిన అప్పలనరసమ్మ నొప్పిని వాళ్లకు పంపింది. మొదట సగం. తరవాత పూర్తిగా.

"చేతులు పని చేస్తూనే ఉండాలి. ముఖంలో ఏమీ కనబడకూడదు," అంది వాళ్ల మధ్య తిరుగుతూ. "మీకు నొప్పి తెలుస్తోందని రోగులకు తెలిస్తే మిమ్మల్ని క్షమించరు."

తెర నిండా ఎర్ర గీతలు కమ్ముకున్నాయి. ఇద్దరు వెక్కివెక్కి ఏడుస్తూ బిళ్లలు పీకేసుకున్నారు. సాయంత్రమయ్యేసరికి ఒకే ఒక్క ముఖం మీద గీతల్లేవు. హెప్సిబా డమ్మీ చేతికి కట్టు చుడుతోంది, ముఖం గోడలా ఉంది. నొప్పి అందుతోందో లేదోనని సోమయాజులు ట్యాబ్లెట్ చూసుకున్నాడు. పూర్తిగా అందుతోంది.

ఎస్తేరు రాణి ఆమె భుజం తట్టింది. ఆ కాలేజీలో ఆమె ఒక విద్యార్థినిని మెచ్చుకోవడం అదే మొదటిసారి.