కుడికి తిరిగిన తేనె

"మీ తేనె వెలుగును కుడికి తిప్పుతోంది" అంది కల్తీ పరీక్షల ఆఫీసు మేడమ్, చిన్న పరికరం పెట్టె మీంచి తల ఎత్తకుండానే.

"నేనేం తిప్పమని చెప్పలేదండీ" అన్నాడు తేనెటీగలబ్బాయి.

గోడవార బెంచీ మీద కూర్చున్న అతని నాయనమ్మ కిసుక్కుమంది.

"నవ్వులాట కాదు. అసలైన తేనె ఎడమకి తిప్పాలి. చక్కెర పాకం కలిస్తేనే ఇలా కుడికి పోతుంది."

అబ్బాయికి ఒళ్ళు మండింది. ముఖం బూరెలా ఉబ్బేలా కుట్టించుకుని తీసిన తేనె అది. ఈవిడ తేనె మంచిదని చెప్పకపోతే బజారులో పెద్ద దుకాణంవాడు సీసాలన్నీ వెనక్కి పంపేస్తానన్నాడు. ఒక్కసారి కల్తీ అన్న మాట పడిందంటే ఇక ఆ తేనెను ఈగలు కూడా ముట్టవు.

ఇక్కడికి రావడం అతనికి కొత్త కాదు. తొలిసారి వచ్చినప్పుడే, అరచేతిలో ఇమిడే ఆ పరికరాన్ని చూసి, "ఈ అగ్గిపెట్టెకి నా ఈగల కష్టం ఏం తెలుస్తుందండీ?" అని నోరు జారాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కోపంలో అంత బాగుండే మనిషిని అతను అంతకుముందు చూడలేదు. అప్పట్నుంచీ శాంపిల్ తెస్తూనే ఉన్నాడు, ఆమె ఎదురుగా నిలబడుతూనే ఉన్నాడు, తేనె కుడికి తిరుగుతూనే ఉంది. సీసా ఇచ్చి రావడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా అని నాయనమ్మ పొద్దున్నే ఆరా తీసింది కూడా.

"నేనొప్పుకోను. నా కళ్ళెదుటే మళ్ళీ చెయ్యండి."

"ప్రతిసారీ మీ కళ్ళెదుటేగా చేస్తున్నాను! అదే నాకు..." అని ఆగిపోయింది.

"అదే మీకు?"

"ఏం లేదు."

"ఆ పెట్టెకే కుడిచేతి వాటం ఉందేమో చూసుకోండి."

"అలాగా! ఉత్త నీళ్ళు పోసి చూపిస్తాను, అప్పుడైనా నోరు మూస్తారు." చకచకా గాజుగొట్టం కడిగి, నీళ్ళు నింపి, మూత బిగించింది. "వెలుగు మామూలుగా అన్ని వైపులా ఊగుతుంటుంది. ఈ పెట్టె దాన్ని ఒకే వైపు ఊగేలా చేసి గొట్టంలోంచి పంపిస్తుంది. అవతలికి వచ్చేసరికి ఆ ఊపు ఎటు తిరిగిందో, ఎంత తిరిగిందో చెబుతుంది. నీళ్ళు ఎటూ తిప్పవు. సున్నా చూపిస్తుంది, చూడండి."

ఇద్దరూ తలలు వంచి చూశారు. సున్నా లేదు. నీళ్ళు కూడా కుడికే తిప్పాయి.

"మేడమ్, మీ నీళ్ళలో కూడా నేనే చక్కెర కలిపానంటారా?"

ఆమె గొట్టం బయటికి తీసింది. మూత తీయబోతే రాలేదు. అతనూ పళ్ళు బిగించి తిప్పాడు. కదల్లేదు. నాయనమ్మ లేచొచ్చి, చేతిగుడ్డ చుట్టి, ఒక్క తిప్పున ఊడదీసింది.

"ఎవరే తల్లీ దీన్నింతలా బిగించింది? మోటారు పైపనుకున్నారా?"

మేడమ్ ఆ మూతను తిరగేసి చూసింది. తర్వాత నెమ్మదిగా నుదురు కొట్టుకుంది.

"మూత కింద ఈ గాజుబిళ్ళ ఉంది చూశారా? అతిగా బిగిస్తే దీని మీద ఒత్తిడి పడుతుంది. ఒత్తిడి పడ్డ గాజు వెలుగును తనే చెడగొడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే నేను చెప్పే పాఠం ఇది!"

మూత వదులుగా పెట్టింది. నీళ్ళు బుద్ధిగా సున్నా చూపించాయి. ఇక తేనె వంతు.

"మీరు కాస్త అటు తిరిగి నిలబడండి."

"ఎందుకండీ?"

"నిలబడమన్నానా!"

అతను గోడవైపు తిరిగి, దాని మీది బల్లిని చూస్తూ నిలబడ్డాడు. వెనక నీళ్ళు కలిపిన చప్పుడు, వడగట్టిన చప్పుడు, మీట నొక్కిన చప్పుడు.

"ఎడమకి" అంది ఆమె.

"ఎడమకి జరగాలాండీ?"

"మీరు కాదు, మీ తేనె!"

అతను ఇటు తిరిగేలోగానే ఆమె ఫోను అందుకుంది. "దుకాణమేనా? పొరపాటు నాదండీ. తేనె అసలైనదే. సీసాలు వెనక్కి పంపకండి."

ఇన్నాళ్ళూ దాచుకున్న వెటకారాలన్నీ పక్కనపెట్టి అబ్బాయి అడిగాడు.

"అందరి శాంపిళ్ళకీ మూత ఇలాగే బిగిస్తారా?"

"లేదు."

"మరి నాకే ఎందుకండీ?"

"అగ్గిపెట్టె అన్నారుగా. మొదటిసారి కోపమొచ్చి చెయ్యి బిగుసుకుంది."

"తర్వాత?"

అప్పటికే కడిగి తుడిచిన గొట్టాన్నే ఆమె మళ్ళీ మళ్ళీ తుడిచింది. "తర్వాత కోపం కాదు."

అబ్బాయి చెవుల్లో తేనెటీగల గుంపొకటి లేచింది. "ఈసారి తేనె తీయగానే మళ్ళీ శాంపిల్ తెస్తానండీ" అన్నాడు.

"తెండి. కానీ పక్క టేబుల్ సారుకి ఇవ్వండి. మీవి ఇక నేను చూడకూడదు."

"అయ్యో, అదేంటండీ?"

"ఆఫీసు రూలు. సొంతవాళ్ళ శాంపిళ్ళు ముట్టుకోకూడదు."

"మనం సొంతవాళ్ళం కాదు కదండీ!"

ఇస్త్రీ చొక్కా వీపు మీద నాయనమ్మ చెయ్యి ఠప్పున పడింది. "ఒరే మొద్దూ! ఈగలకున్న తెలివైనా లేదేంట్రా నీకు? అమ్మడూ, మీ ఇల్లెక్కడో చెప్పు. మీ పెద్దవాళ్ళతో నేను మాట్లాడతాను."

"గేటు దాటి ఎడమకి తిరగండి, నాయనమ్మగారూ. సందు చివరి ఇల్లే" అంది మేడమ్, ఈసారి తల ఎత్తే ధైర్యం లేక.

అబ్బాయి అప్పటికే గేటు దాటేశాడు. దాటి, ఆ సంబరంలో కుడికి తిరిగాడు.