ఏటి తెచ్చినావూ?

పాతూరి రేవులో చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు. పగలు చూస్తే భయపడాల్సిందేమీ ఉండదు. కొండల మధ్య రిజర్వాయరు, ఇవతల రేవు, అవతల నడిమిదిబ్బ అనే చిన్న దీవి, దాని మీద గుప్పెడు ఇళ్లు. నీళ్లు నిండిన ఏడాది పాత ఊరు మునిగిపోయింది. అప్పుడు పోయినవాళ్లు ఇంకా ఆ రేవులో నిలబడి పడవ కోసం పిలుస్తారని దిబ్బవాళ్ల నమ్మకం. నాకిది చెప్పిన మల్లేశుదీ ఆ దిబ్బే.

అందుకే వాళ్లకో పద్ధతి ఉంది. రాత్రిపూట రేవులోంచి ఎవరు కేకేసినా దిబ్బ మీంచి ఒకటే అడుగుతారు — "ఏటి తెచ్చినావూ?"

"ఉప్పు" అనాలి. తెచ్చినా, తేకపోయినా. నీళ్లలో పోయినవాళ్ల నోట ఆ మాట రాదట. అన్నారంటే మనిషే, పడవ వెళ్తుంది. అనకపోతే... తలుపులేసుకుంటారు.

దిబ్బలో పడవ నడిపేది ఫల్గుణ. అతని కొడుకు రవిబాబు పాచిపెంటలో కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి కీర్తిని ఇష్టపడి చేసుకున్నాడు. కొత్త కోడలికి పొయ్యి చూపించారు, కోళ్లగూడు చూపించారు, ఆదివారం పడవలో దీవి చుట్టూ షికారు తిప్పారు. ఈ ఒక్క ముక్క చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి కొత్తగా ఏం చెబుతాం అనుకుంటారు. నన్నడిగితే చెప్పి తీరాల్సింది.

రవిబాబు కాఫీ పళ్లు కోయడానికి అనంతగిరి వెళ్లాడు. సంతరోజున కీర్తి పుట్టింటికి బయల్దేరుతూ, "రేపొచ్చేస్తాను అత్తయ్యా" అంది.

"వచ్చినప్పుడు ఉప్పు అట్టుకురాయే. అయిపోనాది," అంది కృపావతి.

ఆ రాత్రి మంచు దిగింది. అంబలి తాగి పడుకోబోతుంటే అవతల్నుంచి కేక —

"మావయ్యా... పడవ తెండీ..."

కృపావతి లేచి కూర్చుంది. "మన కోడలి గొంతు."

"అది రేపు కదేటి వత్తానన్నాది," గొంతు తగ్గించాడు ఫల్గుణ. "అవి మనోళ్ల గొంతే ఎత్తుకుంటాయి. ఉండు."

గట్టుకి వెళ్లాడు. మంచులో ఏమీ కనిపించలేదు.

"ఏటి తెచ్చినావూ?"

 సిగ్గుపడుతున్నట్టు జవాబొచ్చింది — "బుట్టలోది, మావయ్యా."

 ఫల్గుణ మళ్లీ అడిగాడు.

"అదే... అత్తయ్య తెమ్మన్నది. చలేస్తంది మావయ్యా, బేగి రండి!"

"పేరు సెప్పు!"

"దీపాలెట్టీసేరు కదా... ఎలా చెప్పను?"

ఇంక అడగలేదతను. ఇంట్లోకొచ్చి గడియ పెట్టాడు. ఆ గొంతు చాలాసేపు పిలిచింది. తర్వాత ఏడ్చింది. కృపావతి తలుపు దాకా వెళ్తే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆఖర్న నీళ్లలో అడుగుల చప్పుడు... ఆ తర్వాత అదీ లేదు.

తెల్లారాక కీర్తి శవం తేలింది. రేవు దగ్గర లోతు లేదు కదా, నడిచి వద్దామనుకున్నట్టుంది. మునిగిన ఊరి బావి అక్కడే ఉందని కూడా ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. కొంగున కట్టుకున్న ప్యాకెట్టు చిరిగి, ఉప్పంతా కరిగిపోయింది.

తల్లి వెంకటలక్ష్మి వచ్చి శవం మీద పడింది. రాత్రి జరిగింది విన్నాక గుండెలు బాదుకుంది.

"దీపాలెట్టేక ఆ పేరు ఎత్తకూడదే అని నేనే నేర్పేను. మా కొట్లో ఎవరడిగినా బుట్టలోది అనే అంటాం... రేపెళ్లవే అన్నాను. పొద్దున్న అత్తయ్య కూరలోకి ఏం వేస్తాదీ అని బయల్దేరిపోయింది."

 అన్నీ ముగిసి, చుట్టాలు వెళ్లిపోయిన రాత్రి, రవిబాబు గోడవైపు తిరిగి పడుకుని ఉండగా, రేవులోంచి కేక వచ్చింది.

"మావయ్యా..."

ఫల్గుణ గట్టుకి వెళ్లాడు. నీళ్లలో పోయినవాళ్ల నోట ఆ మాట రాదు. రాకపోతే ఆ రాత్రి కూడా తను చేసింది పద్ధతేనని సరిపెట్టుకోవచ్చు. ఆ ఒక్క ఆశతో అడిగాడు.

"ఏటి తెచ్చినావూ?"

"ఉప్పు, మావయ్యా," అంది కీర్తి. "ఉప్పే... ఇప్పుడు పేరు చెప్పేను కదా. పడవ తెండి."