పిలవని పేరు

మూడోసారి పిలిస్తే గానీ లిగాయా తలెత్తలేదు. పళ్ళెంలో వెల్లుల్లి అన్నం, వేయించిన ఎండుచేప చల్లారిపోయాయి. పద్నాలుగేళ్ళ పిల్ల ఇంట్లోనే ఉంది గానీ, ఉన్నట్టే లేదు. పదహారు నిండనివాళ్ళకి సోషల్ మీడియా వద్దని ఊరి పెద్దలు తీర్మానించిన మర్నాడే, కూతురి ఖాతాలన్నీ రెమెడియోస్ తన చేత్తో తీసేసింది. ఇవాళ్టికి పదకొండు రోజులు.

"ఆ రోజు స్కూల్లోంచి తెచ్చేటప్పుడు దీన్ని పేరుపెట్టి పిలిచావా?" అని అడిగింది రెమెడియోస్ తల్లి.

పోయినేడు వరదలో పిల్లలంతా రెండు రాత్రులు స్కూలు మేడమీద చిక్కుకుపోయారు. అలాంటి చోటునుంచి మనిషిని తెచ్చుకునేటప్పుడు పేరుపెట్టి "ఇంటికి పోదాం రా" అని పిలవాలి, లేకపోతే ప్రాణం అక్కడే ఉండిపోతుందంటారు ఆ సముద్రతీరపు ఊళ్ళల్లో. పడవలో ఆదరాబాదరా వెళ్ళిన రెమెడియోస్‌కి కనిపించింది ఫోన్‌లో తల దూర్చిన కూతురు. ఒళ్ళు మండి రెక్క పుచ్చుకుని లాక్కొచ్చింది. పిలవలేదు.

"పొద్దున్నే భయపెట్టకమ్మా," అని విసుక్కుని, తన ఫోన్ కిటికీకి ఆనించింది. "అక్కలూ, అన్నలూ, రండి రండి! ఇవాళ చేపలు ఎలా మెరుస్తున్నాయో చూడండి!" రోజూ ఎండుచేపలు లైవ్‌లో అమ్మేది అలాగే.

"నువ్వు మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడొచ్చు," అంది లిగాయా. "నేను మాయుమితో మాట్లాడకూడదు."

"చచ్చిపోయిన స్నేహితురాలితో మాటలేంటే!" రెమెడియోస్ నోరు జారింది. గబుక్కున లైవ్ ఆపేసింది గానీ అప్పటికే అనేసింది.

లిగాయా అరవలేదు. అరిచినా బాగుండేది. "రోజూ తన పేజీలో రాసేదాన్ని. వాళ్ళమ్మ చదివి గుండె బొమ్మ పెట్టేది. ఇప్పుడు నేనూ మర్చిపోయాననుకుంటుంది. మీ పెద్దాళ్ళంతా కూర్చుని మాకేది మంచిదో తేల్చేశారు. ఆ మేడమీద మేమేం చూశామో ఒక్కరైనా అడిగారా?"

రెమెడియోస్ కూతురి పక్కన కూర్చుంది. "ఏం చూశావే?"

"చెప్పులు తెచ్చుకుంటానని మాయుమి మెట్లు దిగింది. నీళ్ళు వచ్చేశాయి. నువ్వొచ్చేసరికి ఫోన్‌లో దానికే రాస్తున్నానమ్మా, ఎక్కడున్నావే అని."

రెమెడియోస్ లేచింది. కూతుర్ని వెంటబెట్టుకుని స్కూలుకి నడిచింది. ఆదివారం కావడంతో ఎవరూ లేరు. మెట్ల పక్క గోడమీద వరద గీత ఇంకా చెరగలేదు. అక్కడ నిలబడి, రోడ్డు మీదివాళ్ళు వింటారన్న సిగ్గు కూడా లేకుండా కేకేసింది. "లిగాయా! తప్పయిపోయిందే తల్లీ, ఇంటికి పోదాం రా!" ఏడుస్తూనే పిలిచింది.

లిగాయా తల్లిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు కాస్త తగ్గాక, మెట్ల కిందకి చూస్తూ తనూ పిలిచింది. "మాయుమీ, ఇంటికి పోదాం రావే."

అక్కణ్ణుంచి తిన్నగా మాయుమి ఇంటికే వెళ్ళారు. దారిలో వెనకాల తడి చెప్పుల చప్పుడు వినిపించిందా అని ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. తలుపు తీసిన మాయుమి తల్లి, లిగాయాని చూస్తూనే వాటేసుకుంది.

"పదకొండు రోజులైందే! నువ్వూ పోయావేమో అనుకున్నానే," అంది.

రెమెడియోస్ ఆఖరున లోపలికి వెళ్ళింది. తలుపు మాత్రం వెయ్యలేదు.