నిషాదం వదిలిన సాయంత్రం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నాలుక ఎండిపోవాలి. క్రీస్తుదాసు కూతురివి, నీతో బొంకుతానా? వాన దగ్గర కాస్త ఎక్కువ చెబుతానేమో గాని, మిగతాదంతా జరిగిందే అమ్మాయ్.

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరు. కైకలూరు అవతల, కొల్లేటి గట్టు మీద మన చర్చి. మా ఆయన కృపావరం కలకత్తా హోటల్లో జాజ్ బ్యాండుకి పియానో వాయించి వచ్చి, ఇక్కడ కాలి హార్మోనియం పట్టారు. కోత పండుగ కీర్తన సాధన చేద్దామని ఆ సాయంత్రం ఇద్దరమే వెళ్లాం. అప్పటికే వానలకి కొల్లేరు పొంగి చర్చి మెట్లెక్కి కూర్చుంది. చందా సంచిలో రెండు కొర్రమేనులు దొరికాయి, నమ్మితే నమ్ము.

"పాట మారదు, దాని కింద పలికే మెట్లే మారతాయి," అన్నారాయన. "ప, ని, రి, మ కలిపి నొక్కితే చెవి సా కోసం ఎదురుచూస్తుంది. నేను ని, మ అలాగే ఉంచి, ప, రి తీసేసి పక్క నల్ల మెట్లు నొక్కుతాను. పాతవాళ్లిద్దరు కనబడగానే చెవి మిగతా ఇద్దర్నీ మనవాళ్లే అనుకుని లోపలికి రానిస్తుంది."

"దొంగతనమండీ అది."

"కలకత్తాలో దీనికే జీతమిచ్చారు. నువ్వు పైన గొంతుతో ని పట్టుకో. నేను సా చేరేదాకా వదలకు. వదిలితే నాకు దారి దొరకదు."

పట్టుకున్నాను. ఆయన మెట్లు మార్చారు.

పాచి వాసన వేసింది. తలుపులు మూసే ఉన్నాయి. దీపం తగ్గలేదు గాని, వెలుగు మాత్రం... దూరంగా జరిగింది. హార్మోనియం వెనక ఎవరో నాతో పాటు పాడుతున్నారు. నాకంటే చాలా కింద. తడి గొంతు.

"వదలకు," ఆయన గుసగుసగా అన్నారు. "నన్ను లాగుతున్నారు..."

నా మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. కెవ్వున అరిచాను. ని తెగిపోయింది.

నిశ్శబ్దం. కాసేపటికి, మెల్లగా... సా పలికింది.

"పద," అన్నారు. దగ్గు ఆయనదే. కుంటి నడకా ఆయనదే. గట్టు మీద లాంతరెత్తి చూశాను. ముఖం... దాదాపు. ఇంటి గుమ్మంలో ఆగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"మీ పేరేమిటండీ?"

ఆ మనిషితోనే యాభై ఏళ్లు కాపురం చేశాను. పులుసులో ఉప్పు మరిచినా మాట అనలేదు. అసలాయనైతే గిన్నె కొల్లేట్లోకి విసిరేవారు. వాన పడే సాయంత్రాలు చర్చి వైపు నుంచి ప, రి వినిపిస్తాయి. మా ఆయన తీసేసిన ఆ రెండే.

నాకిప్పుడు ఊపిరి చాలదు. నీది గట్టి గొంతు, మొన్న ఆదివారం విన్నాను. ఇదిగో తాళంచెవి. చినుకులు మొదలయ్యాయి. వెళ్లి హార్మోనియం పక్కన నిలబడి, అసలాయన సా చేరేదాకా ని పట్టు. ఎవరు కలిసి పాడినా ఆపకు. పెరటి దారిన వెళ్లు తల్లీ... ముందు గదిలో దగ్గు ఆగింది. వింటున్నారు.