ఎడమ బాల్కనీలో ఏమెలి తాత

డిసెంబరు ఎనిమిది, గురువారం, మధ్యాహ్నం మూడూ నలభై. మధ్యాహ్నమే కదా అని ధైర్యంగా వినకండి. ఉత్తరాది మంచుదేశంలో ఉన్న మా హావిస్టో ఊళ్ళో ఆ నెలలో సూర్యుడు రెండు కాకముందే వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మూడూ నలభైకీ అర్ధరాత్రికీ తేడా గడియారానికే తెలియాలి.

మా ఊరి కార్మికుల భవనంలో నాటకాలాడే హాలు ఉంది. అందులో ఎడమ బాల్కనీకి టికెట్లు అమ్మరు. డెబ్భై ఏళ్ళుగా అంతే. మా తాతగారి తమ్ముడు ఏమెలి అక్కడ కూర్చునే లైట్లు వేసేవాడు. ఒకనాడు నాటకం మధ్యలో ఆయన గుండె ఆగిపోయింది... చెయ్యి మీట మీదే ఉండిపోయింది. వేదిక మీద ఆయన వేసిన వెన్నెల లైటు ఎంతకీ తగ్గకపోయేసరికి, నటులు ఆ వెన్నెల్లోనే నాటకం ముగించారట. అప్పటినుంచీ వేదిక మీద వెన్నెల పడితే చాలు, ఆయన తలెత్తి చూస్తాడని చెప్పుకుంటారు.

పరిశుద్ధుల పండుగనాడు ఏటా ఆయన సమాధి మీద కొవ్వొత్తి వెలిగించేది నేనే. ఆయన ప్రభువు దగ్గర ప్రశాంతంగా ఉన్నాడనే నా నమ్మకం. ఆ బుధవారం దాకా.

బుధవారం రిహార్సల్లో హిల్క్కా — నా చిన్ననాటి స్నేహితురాలు, నాటకంలో ముఖ్య పాత్ర తనదే — వెన్నెల్లో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. బాల్కనీలో ఏదో తెల్లగా లేచి తన వంకే చూసిందట. హిల్క్కా వెంటనే కోటు తొడుక్కుంది. అది చూస్తుండగా తను శుక్రవారమే కాదు, ఏ వారమూ ఆడనని చెప్పి ఇంటికెళ్ళిపోయింది.

శుక్రవారమే మొదటి ప్రదర్శన. మా చెల్లెలి కూతురు సైమి సొంతంగా లైట్లు చేస్తున్న మొదటి నాటకం. హిల్క్కా రాకపోతే నాటకమే లేదు.

సైమి ఏడవలేదు. మర్నాడు నన్ను హాలుకి రమ్మంది. లైట్లు సరిచూసేటప్పుడు నటి నిలబడే చోట ఎవరో ఒకరు నిలబడాలట. ఖాళీ నేల మీద అందంగా పడ్డ వెన్నెల, మనిషి మొహం మీదికొచ్చేసరికి జ్వరమొచ్చినట్టు కనబడుతుందట. ఆదివారం ప్రార్థనలో మొదటి వరసలో కూర్చునే నేను, ఆ విధంగా హిల్క్కా వేసే సారాకొట్టు యజమానురాలి చోట నిలబడ్డాను. హాలు కాపలాదారు తైస్తో కాఫీ కప్పు పట్టుకుని ముందు వరసలో కూర్చుని, వేషం బాగానే కుదిరిందన్నాడు.

సైమి హాలు వెనకాల, లైట్లు నడిపే బోర్డు దగ్గర ఉంది. ఒక్కొక్క లైటు మార్పునీ దాని నంబరుతో పిలుస్తోంది, పక్కన పుస్తకంలో ఏది ఎందుకో రాసుకుంటోంది. ఇరవై నాలుగు... ఇరవై అయిదు... ఇరవై ఆరు...

ఇరవై ఏడు. వెన్నెల.

నా తల మీద, మోటారుతో కదిలే కొత్త లైటు మెల్లగా తలెత్తి తిరిగింది. నీలం వెలుగు నా చేతుల మీద పడింది. అప్పుడు పైనుంచి... సన్నగా... ఒక నిట్టూర్పు.

ఎడమ బాల్కనీ చీకట్లోంచి తెల్లనిది లేస్తోంది. భుజాలు లేవు. మొహం లేదు. లేచి — ఆగి — నావైపు తిరిగింది.

నాకు ప్రార్థన మొదటి మాట కూడా గుర్తు రాలేదు. తైస్తో టోపీ తీసేశాడు.

ఇక సైమి చేసిన మొదటి పని ఏమిటనుకున్నారు? అప్పటిదాకా చేసిన పనంతా బోర్డులో భద్రం చేసుకుంది. తర్వాతే పైకి చూసింది.

"పెద్దమ్మా, కదలకు," అంది మెల్లగా.

కదలడానికి నాకు కాళ్ళుంటేగా!

ఇరవై ఆరుకి వెనక్కి వెళ్ళింది. తెల్లనిది తల వాల్చింది. ఇరవై ఏడు వేసింది. లేచింది. మళ్ళీ ఇరవై ఆరు. వాలింది. అలా నాలుగు సార్లు. నాకు ఏమెలి తాత మీద జాలేసింది.

"పెద్దమ్మా... చచ్చిపోయినాయన నా బటన్ మాట ఎందుకు వింటాడు?"

సైమి మిగతా లైట్లన్నీ ఆపేసి, నా తల మీది లైటుని మాత్రం బోర్డు మీంచి ఇటూ అటూ తిప్పడం మొదలుపెట్టింది. అది ఎడమకి తిరిగితే బాల్కనీలోదీ ఎడమకి తిరిగింది. కుడికంటే కుడికి. కిందకీ పైకీ ఆడిస్తే — తాత నాకేసి చూస్తూ రెండుసార్లు బుద్ధిగా తలూపాడు.

ముందు వరసలో తైస్తో నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో... అది నేను దాచిందే."

ఆరేళ్ళ కిందట పాత కదిలే లైటు ఒకటి బల్బు పోతే, ఎవరూ వెళ్ళని చోటు కదా అని అక్కడ పెట్టాడట. దుమ్ము పడకుండా భోజనాల బల్ల గుడ్డ కప్పాడట. ఎప్పటికైనా బల్బు దొరుకుతుందని కరెంటు తీగా, బోర్డు నుంచి వచ్చే తీగా రెండూ తగిలించే ఉంచాడు. ఆ సంగతే మర్చిపోయాడు.

తప్పు సైమిదీ ఉంది. బోర్డు ఒక నంబరు పిలిస్తే ఆ నంబరున్న లైట్లన్నీ పలుకుతాయి. ఆ వారమే కట్టిన కొత్త లైటుకి ఖాళీ నంబరు కావాలని సైమి హాలు పాత పటం చూసింది కానీ, హాలంతా తిరిగి చూడలేదు. పటంలో ఎడమ బాల్కనీ ఖాళీ. అలా రెండు లైట్లకీ ఒకే నంబరు పడింది. బల్బు లేనిదానికి వెలుగు లేదు... నిట్టూర్చే మోటారూ, మెడా మాత్రం ఉన్నాయి.

మర్నాడు ఉదయం ఏడింటికి ఇంటిల్లిపాదీ హాల్లోనే ఉన్నాం. సైమి నిచ్చెనెక్కి ప్రతి లైటుకీ తెల్ల టేపు అంటించి నంబరు రాసింది. తైస్తో కింద నిచ్చెన పట్టుకుని, ఆ నంబర్లన్నీ కొత్త పటంలోకి ఎక్కించాడు. నేను హిల్క్కా చోట నిలబడ్డాను, మిగిలిన మార్పులు చూడాలి కదా. మా చెల్లెలు వెళ్ళి హిల్క్కాని బతిమాలి తీసుకొచ్చింది.

సైమి హిల్క్కా వేళ్ళు బోర్డు మీద పెట్టించింది, అంతే. హిల్క్కా తిప్పింది. పైన గుడ్డ తలూపింది. ఇంకోసారి తిప్పింది. కాదు కాదన్నట్టు అడ్డంగా ఊపించింది. అలా ఎంతసేపు ఆడిందో, సైమి చివరికి చెయ్యి లాగాల్సి వచ్చింది.

హిల్క్కా కోటు విప్పి కుర్చీ మీద పడేసి, వేదిక ఎక్కి నా ఎదురుగా నిలబడింది.

"ఏమే ఆయ్లీ, ఇక దిగు. అది నా చోటు."