ఎన్నింటి దాకా బాగున్నాడు?

గద్వాల. ఉదయం తొమ్మిది యాభై.

మోటార్ వైండింగ్ షాపులో జహంగీర్ నేల మీద పడి ఉన్నాడు. పెదవి చిట్లింది. స్టూలు తిరగబడింది. పానాలు, స్క్రూడ్రైవర్లు చెల్లాచెదురు. కుడి చెయ్యి కదలదు, మాట రాదు.

ఎస్సై శ్రీనాథ్ ఫొటోలు తీసి, అతన్ని దవాఖానకు పంపాడు. ఎవరో కొట్టారనే అనుకున్నాడు. జహంగీర్‌కు ఇద్దరితో గొడవలున్నాయని పక్క షాపువాళ్లు చెప్పారు. ఒకడు తమ్ముడు ఫహీమ్. ఇంకొకడు ధరూర్ రైతు ఆశీర్వాదం. బాగుచేసిన మోటారు మళ్లీ కాలిందని నిన్న ఫోన్లో అరిచాడట. ఇద్దరినీ దవాఖాన వరండాకే పిలిపించాడు.

"చివరగా ఎవరు చూసిండ్రు?"

"నిన్నటి సంది అన్నను చూడలే సార్," అన్నాడు ఫహీమ్.

"మోటరు నిన్ననే ఇచ్చి పోయిన. ఇయ్యాల దుకాణం దిక్కే పోలే," అన్నాడు ఆశీర్వాదం.

అరగంటసేపు అదే ప్రశ్న, అదే జవాబు. శ్రీనాథ్‌కు ఒళ్లు మండింది.

పదకొండు ఐదుకు డాక్టర్ ప్రేమలత స్కాన్‌తో వచ్చింది.

"ఎవరూ కొట్టలే. మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోయింది. నడుమ కణాలు చచ్చిపోయినయి. చుట్టున్నవి పని ఆపినయి గానీ బతికే ఉన్నయి. రక్తం అందితే మళ్లీ లేస్తయి. నాలుగున్నర గంటల్లోపు గడ్డను కరిగించే ఇంజక్షన్ పడాలె."

"ఇయ్యండి మరి."

"ఎప్పటి నుంచి లెక్కపెట్టాలె? మంచిగున్నప్పుడు చివరిసారి చూసిన టైం కావాలె. అంచనా మీద ఇస్తే మెదడులో రక్తం కారుతది."

"ఆరున్నరకు చాయ్ తాగి పోయిండు," అంది భార్య ఖాజాబీ.

పదకొండింటికే గడువు అయిపోయింది. ఐదు నిమిషాల తేడా.

శ్రీనాథ్ మళ్లీ ఇద్దరి మీద పడ్డాడు. వాళ్లు ఇంకా బిగుసుకున్నారు. విసుగొచ్చి ఫోన్లో ఫొటోలు తిప్పాడు. పదకొండు యాభైకి వేలు ఆగింది.

మోటారు మీద సుద్దముక్క రాత. "ఆశీర్వాదం, ధరూర్." కింద తేదీ.

"ఈ రాత ఎవరిదమ్మా?"

"ఆయనదే సార్. మోటరు తీసుకోంగనే రాస్తడు."

వంకర లేని అక్షరాలు. తేదీ ఇవాళ్టిది. పొద్దున తనే ఫొటో తీశాడు, తనే చదవలేదు.

"ఆశీర్వాదం, మోటరు నిన్న ఇయ్యలే. ఇయ్యాల ఇచ్చినవ్. పేరు రాసేటప్పుడు జహంగీర్ చెయ్యి మంచిగుంది. ఇది కొట్లాట కేసు కాదు. ఎవర్నీ లోపలెయ్య. టైం చెప్పు."

"పావు తక్కువ తొమ్మిదికి ఆటో దిగిన సార్. మంచిగనే మాట్లాడిండు. చివర చూసినోని మీదనే కేసైతదని..."

ఆటో డ్రైవర్‌కు ఫోన్ చేస్తే అదే టైం చెప్పాడు.

"నేను గూడ ఎనిమిదింటికి చూసిన," అన్నాడు ఫహీమ్, తల దించుకుని.

అంటే గడువు ఒంటిగంటంబావు దాకా ఉంది. పన్నెండు ఐదుకు ఇంజక్షన్ పడింది.

సాయంత్రం ఆరింటికి జహంగీర్ కుడిచేతి వేళ్లు రెండు కదిలాయి. ఖాజాబీ ఏడ్చేసింది.

"మిగతా వేళ్లు?" శ్రీనాథ్ అడిగాడు.

"కొన్ని నెలలు చూడాలె. మాట గూడ అంతే. స్కాన్ రాంగనే ఇచ్చుంటే..." డాక్టర్ అక్కడికి ఆపింది.

శ్రీనాథ్ ఫహీమ్ మీద అరవబోయాడు. ఇద్దరినీ అంత భయపెట్టింది తనేనని గుర్తొచ్చి ఆగాడు. వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. జహంగీర్ మూడో వేలు కదపడానికి చూస్తున్నాడు. అది కదలడం లేదు.